డీజిల్ మూతకు తాళం

బ్రహ్మాజీ పికప్ బండికి ఇరవై రెండేళ్ళు. మొదటి యజమాని దాని మీద సిమెంటు మోశాడు, రెండో యజమాని ఇటుకలు మోశాడు, బ్రహ్మాజీ చేపలు మోస్తున్నాడు. నిజాంపట్నం హార్బరులో పొద్దున వేలంపాటలో కొన్న సరుకును రేపల్లె, భట్టిప్రోలు మీదుగా తెనాలి మార్కెట్టుకు చేర్చడం ఆ బండి పని. పాటలో నిలబడి ధర పాడేది ఆయన భార్య గంగరత్నం. మొప్ప ఎత్తి చూసి ఆ చేప నీళ్ళలోంచి బయటికొచ్చి ఎన్ని గంటలైందో చెప్పగలదు. బండి నడిపేది శాలేమురాజు. పదకొండేళ్ళుగా అతనే. మరి బ్రహ్మాజీ ఏం చేస్తాడని వాళ్ళ ఊరు అడవులదీవిలో ఎవరూ అడగరు. ఆయన యజమాని.

బ్రహ్మాజీకి ఖర్చంటే భయం లేదు, అనవసరమైన ఖర్చంటేనే భయం. అవసరమైన ఖర్చు ఏదో మాత్రం ఇంతవరకూ ఆయనకు కనపడలేదు. వైపరు విరిగితే, "వాన ఎంతసేపు పడుద్దిలే" అన్నాడు. సీటు చిరిగితే, "కూర్చుంటే కనపడదుగా" అన్నాడు.

ఈ వేసవిలో బండి డీజిల్ ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. శాలేమురాజు కిందికి దూరి చూసి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"అన్నా, ఇంజను దగ్గర రబ్బరు పైపు పగిలింది. చుక్క చుక్క కారిపోతోంది. కొత్తది వేయిద్దాం."

బ్రహ్మాజీ పంచె ఎగ్గట్టి, వంగి చూశాడు. బండి ఆగి ఉంది. కింద నేల పొడిగా ఉంది.

"ఏదిరా కారడం?"

"ఇంజను ఆన్‌లో ఉంటే కారుద్ది అన్నా."

"అంటే నేను చూస్తే కారదు. నువ్వు నడిపితే కారుద్ది. అంతేనా?"

శాలేమురాజు ఇంజను ఆన్ చేసి చూపిస్తానన్నాడు. చూడటానికి డీజిల్ తగలేస్తావా అని బ్రహ్మాజీ వద్దన్నాడు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఎవరో, డ్రైవర్లు ట్యాంకులోకి సన్న పైపు దింపి డీజిల్ లాగేసి అమ్ముకుంటున్నారని ఏ ఊరి సంగతో చెప్పారు. చెప్పినవాడు మరో కబురులోకి వెళ్ళిపోయాడు. బ్రహ్మాజీ మాత్రం అక్కడే ఆగిపోయాడు. పదకొండేళ్ళ లెక్క ఆయన బుర్రలో గిర్రున తిరిగింది. ఆ పదకొండేళ్ళలో శాలేమురాజు ఇల్లు కట్టలేదు, మోటారు సైకిలు కొనలేదు. ఎంత జాగ్రత్తపరుడో చూడు అనుకున్నాడు బ్రహ్మాజీ.

మర్నాడు తెనాలిలో సరుకు దించాక ఆయన పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి ట్యాంకుకు తాళం మూత కొన్నాడు. అది ఏ బండి మూతో అమ్మినవాడికి తెలియదు. బ్రహ్మాజీ అడగలేదు. గట్టిగా బిగుస్తుందా, తాళం పడుతుందా అని రెండే అడిగాడు. బిగిసింది, తాళం పడింది. డీజిల్ ట్యాంకు మూతకు ఎక్కడో ఒక సన్నని చిల్లు ఉంటుంది. లోపల డీజిల్ తగ్గేకొద్దీ బయటి గాలి ఆ చిల్లులోంచి వెళ్ళి ఆ జాగా నింపుతుంది. గాలి వెళ్ళకపోతే పంపు ఎంత పీల్చినా డీజిల్ రాదు, బండి ఆగిపోతుంది. బండితోపాటు వచ్చిన పాత మూతకు ఆ చిల్లు ఉంది. ఈ మూతకు లేదు. పాత మూతను బ్రహ్మాజీ ఆ కొట్టులోనే ఇచ్చేసి ధర తగ్గించుకున్నాడు.

శాలేమురాజు నోరు మూయించాలని అదే రోజు ఇంకో పని కూడా చేశాడు. పంక్చరు కొట్టు ముందు పడి ఉన్న పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి ఉచితంగా తెచ్చి, "ఇదిగో, నీ పైపుకు చుట్టుకో" అని పడేశాడు. శాలేమురాజు దాన్ని పీలికలుగా కోసి, రబ్బరు పైపుకు గట్టిగా చుట్టి, తీగతో బిగించాడు. కారడం ఆగిపోయింది.

వారం తిరిగేసరికి డీజిల్ ఖర్చు మామూలుకు వచ్చింది. సైకిలు ట్యూబు చేసిన మేలు అది. బ్రహ్మాజీ ఆ మేలంతా తాళం ఖాతాలో వేశాడు.

'అడవులదీవి యూత్' అని ఊరివాళ్ళకొక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నలభై ఐదేళ్ళ లోపువాళ్ళు ఎవరూ లేరు. బ్రహ్మాజీ తాళం మూతను ఫొటో తీసి అందులో పెట్టి, కింద ఇలా రాశాడు: "ఈ మూత వేసిన దగ్గర్నుంచి మా బండికి ఆకలి తగ్గింది. అర్థం కావాల్సినవాళ్ళకి అర్థమైతే చాలు." చివర మూడు నవ్వు బొమ్మలు పెట్టాడు. అరవై మంది చూశారు. పాతిక మంది నవ్వారు.

శాలేమురాజు భార్య దేవకుమారి అన్నం వడ్డిస్తూ ఫోను అతని ముందు పెట్టింది.

"ఇది నీ గురించేనా?"

"పేరు లేదుగా."

"పేరు లేకపోతే నీ గురించి కాదా?"

అతను ముద్ద కలుపుతూ ఆలోచించాడు. ఎవరినన్నావని వెళ్ళి అడిగితే, భుజాలు తడుముకున్నాడని ఊరంతా అంటుంది. అడగకపోతే ఒప్పుకున్నాడంటుంది. అన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పనికి వెళ్ళాడు.

మూత తాళంచెవిని బ్రహ్మాజీ మొలతాడుకు కట్టుకున్నాడు. తాళం ఉందన్న ధీమాతో బండి కొన్నాక మొదటిసారి ట్యాంకు నిండా డీజిల్ కొట్టించాడు. ట్యాంకు నిండా ఉంటే పైన గాలి కొంచెమే ఉంటుంది, అది తొందరగా చాలకుండా పోతుంది. ఆ రోజు రేపల్లె దాటి భట్టిప్రోలు చేరకముందే బండి రెండుసార్లు దగ్గి, మూడోసారి ఆగిపోయింది.

భట్టిప్రోలు నుంచి వెంకటకృష్ణయ్య అనే మెకానిక్కు మోపెడ్ మీద వచ్చాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరితోనో ఒక పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతున్నాడు. మాట ఆపకుండానే ట్యాంకు వైపు వేలు చూపించి, మూత తీయమని సైగ చేశాడు. బ్రహ్మాజీ మొలతాడు పైకి లాగి తాళం తీశాడు. 'బుస్స్' మని గాలి లోపలికి పోయింది. ఫోను మాటల్లో ఉన్న వెంకటకృష్ణయ్యకు అది వినపడలేదు. అతను వేలు ముంచి, వాసన చూసి, స్పానరుతో ట్యాంకు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

"ఇప్పుడు తిప్పు."

బండి స్టార్టయింది.

"చెత్త అడ్డం పడిందండి. కదిలిపోయింది" అని చెప్పి, డబ్బు పుచ్చుకుని, పెళ్ళి సంబంధం మాట్లాడుకుంటూనే వెళ్ళిపోయాడు. బ్రహ్మాజీ అతను కనుమరుగయ్యే దాకా చూస్తూ నిలబడ్డాడు.

"మూడు దెబ్బలురా! విప్పలేదు, కోయలేదు. పనివాడంటే అలా ఉండాలి."

రెండో రోజు వేమూరు దగ్గర ఆగింది. బ్రహ్మాజీ స్పానరు తీసుకుని తనే మూడు దెబ్బలు కొట్టాడు. కదల్లేదు. ఆరు కొట్టాడు. కదల్లేదు. వెంకటకృష్ణయ్యకు ఫోను చేశాడు.

"మూత తీసి డీజిల్ ఏ రంగుగా ఉందో చెప్పండి" అన్నాడు అతను.

బ్రహ్మాజీ తాళం తీశాడు. బుస్స్ మంది. "లేత పసుపుగా ఉందండి."

"మంచిది. ఇప్పుడు మూడు కొట్టండి."

కొట్టాడు. స్టార్టయింది. ఫోనులోంచే బండి బాగుచేసే మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు ఉన్నాడా అని బ్రహ్మాజీ తెనాలి చేరేదాకా చెబుతూనే ఉన్నాడు.

శాలేమురాజు మాత్రం ఆ బుస్స్ రెండుసార్లూ విన్నాడు. మూడోసారి రేపల్లె చేరకముందే ఆగినప్పుడు ఇక ఊరుకోలేకపోయాడు.

"అన్నా, దెబ్బలకి కాదు, మూత తీసినందుకు స్టార్టవుతోంది. ఈ మూతలోంచి గాలి లోపలికి పోవట్లేదు. ఒక్కరోజు మూత తీసేసి గుడ్డ కట్టి నడిపి చూద్దాం."

బ్రహ్మాజీ మొహం మీదికి నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది. అది ఎన్నాళ్ళుగానో గేలం వేసి కూర్చున్నవాడి నవ్వు.

"ఇదిరా నేను ఎదురుచూసింది! మూత తీసేయాలా? మూత తీయించడం కోసం బండినే ఆపేస్తున్నావన్నమాట!"

"నేనెందుకు ఆపుతాను అన్నా? ఆగితే నెట్టేది నేనేగా."

"నాకు తెలుసులే. నాకన్నీ తెలుసు."

శాలేమురాజు ఆ రోజు నుంచి బండి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. బండి ఆగితే దిగి, నీడ చూసుకుని నిలబడేవాడు. ఏమైందని బ్రహ్మాజీ అడిగితే, "మీకు తెలుసు కదన్నా" అనేవాడు.

బండి రోజుకు రెండుసార్లు ఆగుతోంది. తాళంచెవి ఉన్న మనిషి లేకపోతే డీజిల్ రంగు చూసేవాళ్ళు ఉండరు కాబట్టి బ్రహ్మాజీ రోజూ బండిలో వెళ్ళాల్సి వస్తోంది. పెట్టెల్లో ఐసు కరుగుతోంది. తెనాలి చేరేసరికి రొయ్య మెత్తబడుతోంది. కొనేవాళ్ళు ఒక వేలితో నొక్కి చూసి మొహం పక్కకు తిప్పుకుంటున్నారు.

డీజిల్‌ని లాగే ఫీడు పంపు చెడిపోయి ఉంటుందని టీకొట్టులో తేల్చారు. బాపట్లలో హనుమంతరావు అనే ఆయన పంపులు బాగుచేస్తాడు. బండిని అంత దూరం తీసుకెళితే డీజిల్ దండగని బ్రహ్మాజీ పంపు ఒక్కదాన్నే విప్పించి, చేపల తట్టలో పెట్టుకుని బస్సెక్కాడు. ఆ వాసనకు పక్క సీటు ఆవిడ కర్లపాలెం దాకా ముక్కు మీద కొంగు తీయలేదు. హనుమంతరావు పంపును విప్పి, కడిగి, చేత్తో కొట్టి చూశాడు.

"ఇది బాగానే ఉందండి. లోపం ఇందులో లేదు. బండిని తీసుకురండి, ట్యాంకు దగ్గర్నుంచి చూడాలి."

"ట్యాంకుకేమైందండి? తాళం వేసి ఉంది."

"తాళం సంగతి కాదండి. చూస్తే గానీ చెప్పలేను."

"ఎంతివ్వమంటారు?"

"నేనేం చేశానని? ఏమీ వద్దండి."

బ్రహ్మాజీకి అక్కడే అనుమానం వచ్చింది. డబ్బు తీసుకోలేదంటే పని రాదన్నమాట. పని వచ్చినవాడైతే వదులుతాడా? తిరుగు బస్సులో పంపును ఒళ్ళో పెట్టుకుని, తన ఒక రోజు వృథా చేసినందుకు హనుమంతరావును తిట్టుకుంటూ వచ్చాడు.

చివరికి కోటయ్య దొరికాడు. కోటయ్య హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. చక్రాలున్నవాటిని తక్కువగా చూస్తాడు.

"ట్యాంకు కింద, ఇంజను పైన! ఎవడు పెట్టాడండి ఇలా? డీజిల్ ఎక్కాలంటే ఎంత కష్టం దానికి! బోటులో పైనుంచి దానంతటదే దిగుద్ది."

ఇరవై లీటర్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, క్యాబిన్ మీద తాడుతో కట్టి, అడుగున చిల్లు చేసి, అక్కడి నుంచి ఇంజనుకు పైపు దింపాడు. డబ్బా మూతను వదులుగా పెట్టి, పైన గుడ్డ కప్పాడు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. బండి రెండు రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా తెనాలి వెళ్ళొచ్చింది.

బ్రహ్మాజీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. డబ్బా కట్టిన బండి ముందు నిలబడి ఫొటో దిగి గ్రూపులో పెట్టాడు. కంపెనీలో ఇంజినీర్లకు రాని ఆలోచన అని రాశాడు. కోటయ్య పేరు రాయడం మరిచిపోయాడు.

మూడో రోజు పొద్దున బండెక్కబోతూ డబ్బా వైపు చూశాడు. దానికి తాళం లేదు. పైగా అది నెత్తి మీదే ఉంది. ఎవరైనా నిచ్చెన కూడా అవసరం లేకుండా చేయి చాపి తీసుకోవచ్చు. బ్రహ్మాజీకి చెమట పట్టింది. గుడ్డ పీకేసి, మూత కింద సైకిలు ట్యూబు ముక్క పెట్టి, కాళ్ళు తన్నిపెట్టి బిగించి, మూత చుట్టూ ఇనుప తీగ బిగించి, తీగకు చిన్న తాళం వేశాడు.

"ఎండకి డీజిల్ ఆవిరైపోతుంది" అని శాలేమురాజు వినేలా అన్నాడు.

శాలేమురాజు చూశాడు. వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ రోజు గంగరత్నం కూడా బండెక్కింది. సరుకు మెత్తబడుతోందని తెనాలి వాళ్ళు ఆమె పేరు చెడగొడుతున్నారు. వాళ్ళతో తనే మాట్లాడాలని బయల్దేరింది. మొగుడికీ డ్రైవరుకీ మధ్య కూర్చుని, కాళ్ళ దగ్గర చందువా చేపల తట్ట పెట్టుకుంది.

రేపల్లె దాటాక నెత్తి మీద ఒక చప్పుడు వినపడింది. 'టక్' మంది. కాసేపటికి మళ్ళీ 'టక్కు టక్కు' మంది.

"కోతా?" అంది గంగరత్నం.

"కొబ్బరాకులు తగులుతున్నాయి" అన్నాడు బ్రహ్మాజీ. ఆ దారిలో అక్కడ కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు.

భట్టిప్రోలు రైలు గేటు పడి ఉంది. బండి మిగతా బండ్ల వెనక చేరి, చివరి రెండు గజాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆగిపోయింది. తెనాలి నుంచి వచ్చే రైలు పోయింది. గేటు లేచింది. ముందున్న బండ్లు కదిలిపోయాయి. శాలేమురాజు తాళం తిప్పాడు, ఇంజను మూలిగింది, ఊరుకుంది. వెనకాల బస్సు హారను మోగించింది. ఆ వెనక ఆటోలు, ఒక ట్రాక్టరు, గడ్డి బండి. అవతలి వైపు నుంచి వచ్చేవాళ్ళు కూడా ఆగిపోయారు.

బస్సు డ్రైవరు దిగి వచ్చి, క్యాబిన్ పైకి చూసి నోరు తెరిచాడు.

"ఏవండోయ్! మీ డబ్బా ఏంటండీ, అలా చిక్కిపోయింది?"

బ్రహ్మాజీ దిగి చూశాడు. ఇరవై లీటర్ల డబ్బా రెండు చెంపలూ లోపలికి పోయి, నడుం విరిగి, ఎవరో తొక్కేసిన టీ కప్పులా పడి ఉంది. అందరూ చూస్తుండగానే మరోసారి 'టక్' మని ఇంకొంచెం లోపలికి పోయింది. బస్సు కిటికీల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి.

"ఎండకి" అన్నాడు బ్రహ్మాజీ. "ప్లాస్టిక్ కదండి. ఎండకి ముడుచుకుపోయింది."

గంగరత్నం తట్ట పక్కకు జరిపి దిగింది. డబ్బా వైపు చూసింది, తీగ వైపు చూసింది, తీగకు ఉన్న తాళం వైపు చూసింది.

"ఆ తాళం ఎవరేశారు?"

"నేనే. ఆవిరైపోతుందని."

"ఏవయ్యా, నూనె డబ్బా తెచ్చినప్పుడు నేను పైన ఎన్ని చిల్లులు పెడతాను?"

ఇంతమంది ముందు వంటింటి ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. "నాకేం తెలుసు?"

"రెండు. ఒకటి నూనె రావడానికి, రెండోది గాలి లోపలికి పోవడానికి. ఒక్క చిల్లే పెడితే నూనె రాదు. ముప్పై ఏళ్ళుగా పెడుతున్నాను. ఒక్కసారన్నా చూడలేదా?"

బస్సులో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళందరికీ నూనె డబ్బాలు ఉన్నాయి.

"తాళంచెవి ఇటివ్వు" అంది గంగరత్నం.

శాలేమురాజు క్యాబిన్ ఎక్కి తాళం తీసి, తీగ విప్పి, మూత వదులు చేశాడు. గాలి బుస్సుమని లోపలికి పోయింది. డబ్బా 'టప్' మని ఒళ్ళు విరుచుకుని మళ్ళీ నిండుగా అయింది. జనం చప్పట్లు కొట్టారు.

"ట్యాంకు మూతకీ ఇదే జబ్బు వదినా" అన్నాడు శాలేమురాజు పైనుంచే. "దానికి చిల్లు లేదు. ఎప్పుడో చెప్పాను అన్నకి."

గంగరత్నం మొగుడి వైపు తిరిగింది. "చెప్పాడా?"

"చెప్పే పద్ధతిలో చెప్పలేదు" అన్నాడు బ్రహ్మాజీ.

అంతటితో ఆగితే బాగుండేది. ఇంతమంది ముందు ఒక్క మాటైనా తనది నిలవాలని ఆయనకు అనిపించింది.

"అయినా, ఆ తాళం మూత వేశాకే కదా డీజిల్ పోవడం ఆగింది? అది అబద్ధమా?"

శాలేమురాజు దిగాడు. మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం పెంచలేదు. బండి స్టార్టు చేశాడు. బానెట్ ఎత్తి, తాను చుట్టిన సైకిలు ట్యూబును ఒక్కో మెలిక విప్పాడు. పగిలిన రబ్బరు పైపు బయటపడింది. బొట్టు బొట్టుగా డీజిల్ రోడ్డు మీద పడసాగింది. వాటి కింద అరచెయ్యి పట్టాడు. చెయ్యి నిండి కారాక, దాన్ని బ్రహ్మాజీ మొహం ముందు పెట్టాడు.

"ఇది ఆన్‌లో ఉంటేనే కారుద్దని చెప్పాను అన్నా. మీరు చూడలేదు."

బస్సు డ్రైవరు "అమ్మో" అని, తన బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు. గేటు మనిషి బండి తీయండని అరుస్తున్నాడు. శాలేమురాజు ట్యూబును తిరిగి చుట్టి, చెయ్యి గడ్డికి తుడుచుకుని, బండెక్కాడు.

తెనాలి మార్కెట్టులో పెట్టెలు దించి, నీళ్ళు కొట్టి బండి కడిగి, నీడలో పెట్టాక శాలేమురాజు బండి తాళాలు గంగరత్నం చేతికిచ్చాడు.

"రేపటి నుంచి రాను వదినా."

"ఎవరో టీకొట్టులో ఏదో కూశారని..."

"టీకొట్టులో అన్నది కాదు వదినా. ఫోనులో పెట్టారు. మా ఆవిడ చదివింది."

అతను స్టేషనుకు నడిచి వెళ్ళి రేపల్లె రైలు ఎక్కాడు.

బ్రహ్మాజీ మరుసటి రోజు టీకొట్టులో ఆ కథ చెప్పాడు. ప్లాస్టిక్ డబ్బాను గాలి చొరకుండా బిగించి, గాలి ఒత్తిడి మీద తాను ప్రయోగం చేశానని, అనుకున్న ఫలితం వచ్చిందని, భట్టిప్రోలులో జనం చప్పట్లు కొట్టారని చెప్పాడు. చప్పట్ల మాట నిజమే.

డబ్బా దిగిపోయి, ట్యాంకుకు చిల్లున్న మామూలు మూత వచ్చింది. గంగరత్నం పట్టుబట్టి కొత్త రబ్బరు పైపు కూడా వేయించింది. బండి ఆగడం మానేసింది. కానీ నడిపేవాడు లేడు. వచ్చిన డ్రైవర్లలో ఒకడు రెండు రోజుల్లో, ఇంకొకడు ఒక్క పూటలో వెళ్ళిపోయారు. బ్రహ్మాజీ తనే నడిపితే తెనాలి చేరేసరికి మార్కెట్టు సర్దుకుంటోంది. శాలేమురాజు ఈలోగా బాపట్లలో ఒక ఐసు ఫ్యాక్టరీ లారీ మీద చేరాడు. రోజూ పొద్దున హార్బరుకు ఐసు దిమ్మలు తెస్తున్నాడు.

గంగరత్నం ఒకనాడు వాళ్ళింటికి వెళ్ళింది. శాలేమురాజు లేడు. దేవకుమారి చాప వేసి, మంచినీళ్ళిచ్చింది.

"మీ మీద మాకేం లేదక్కా. అన్నగారు ఫోనులో అన్నారు. కాదని కూడా ఫోనులోనే అనమనండి. అప్పుడు మా ఆయన వచ్చేదీ రానిదీ ఆయనిష్టం."

ఇంటికొచ్చి మొగుడిని కూర్చోబెట్టింది. బ్రహ్మాజీ గంటసేపు ఫోనుతో కుస్తీ పట్టి ఇలా రాశాడు: "అందరికీ తెలియజేయునది. సాంకేతిక కారణముల వలన డీజిల్ విషయమై ఎవరికైనా అసౌకర్యం కలిగియున్నచో చింతించుచున్నాము."

"ఏంటిది?" అంది గంగరత్నం. "కరెంటు ఆఫీసు నోటీసా? దొంగతనం చేయలేదని రాయి."

"దొంగతనం అని నేనెప్పుడు రాశానే? రాయని మాట ఎలా వెనక్కి తీసుకుంటారు?"

"అర్థం కావాల్సినవాళ్ళకి అర్థమైందన్నావుగా. ఆ అర్థం వెనక్కి తీసుకో."

రెండు రోజులు ఆయన ఆలోచించాడు. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు, ఊళ్ళో మగవాళ్ళు సగం మంది సముద్రం మీద సిగ్నల్ లేనిచోట ఉండగా, మిగిలిన సగం మంది భోంచేసి కునుకు తీస్తుండగా, గ్రూపులో పెట్టాడు: "శాలేమురాజు డీజిల్ తీయలేదు. పైపు కారింది." నాలుగు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఐదో నిమిషంలో తీసేశాడు.

ఆ నాలుగు నిమిషాల్లో కోటయ్య చదివాడు. డబ్బా ఫొటో కింద తన పేరు రాయని సంగతి కోటయ్యకు గుర్తుంది. సాయంత్రానికి హార్బరంతా తెలిసింది. బోట్లు ఒడ్డుకు రాగానే బ్రహ్మాజీకి ఫోన్లు మొదలయ్యాయి. "ఏదో పెట్టి తీసేశావంటగా, ఏంటది?" ఒకరికి పీతల ధర అని చెప్పాడు. ఇంకొకరికి మనవరాలు ఫోను నొక్కేసిందన్నాడు. మరొకరికి గుడ్ మార్నింగ్ బొమ్మ అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి గుడ్ మార్నింగా అని అవతలి మనిషి అడిగితే, ఫోను పెట్టేశాడు. ఫోను చేసినవాళ్ళందరికీ అసలు మాట ముందే తెలుసు. తమకు ఏ అబద్ధం దక్కుతుందో వినాలని చేశారు. విన్నాక టీకొట్టులో కూర్చుని ఒకరివి ఒకరు పోల్చుకున్నారు.

మర్నాడు హార్బరులో ఐసు లారీ ఆగినప్పుడు గంగరత్నం దాని దగ్గరికి వెళ్ళింది. శాలేమురాజు తలుపు తీసి కిందికి దిగాడు.

"చూశావా?"

"దేవకుమారి చూసింది వదినా. చూస్తుండగానే పోయిందంట."

"ఆయన చేత అంతకంటే పలికించలేను శాలేమూ. ముప్పై ఏళ్ళుగా నావల్ల కాలేదు."

"మీరు రావడమే ఎక్కువ వదినా."

"మరి వస్తావా?"

శాలేమురాజు లారీ తలుపుకు ఆనుకుని, చొక్కాకు అంటిన ఐసు ఊక దులుపుకున్నాడు.

"ఐసు ఫ్యాక్టరీ ఓనరుగారు నన్ను ఇంకా అనుమానించడం మొదలెట్టలేదు వదినా. మొదలెట్టిన రోజు మీకే ముందు చెప్తాను."

గంగరత్నం ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, తన పెట్టెల దగ్గర నాలుగు దిమ్మలు దించమని చెప్పింది. అతను దించాడు. అవతల వేలంపాట మొదలైంది, ఎవరో వంజరం చేపకు మొదటి ధర అరిచారు. ఆమె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అటు వెళ్ళింది.